పెట్ట పొదిగే కాలం

గడిచిన వైశాఖంలో ఒక సాయంత్రం మా ఊరి హోటలు ముందు ఒక యువకుడు మోటారు సైకిలు ఆపాడు. బండి హ్యాండిలుకు ఆరు కౌజు పిట్టలు కాళ్ళు కట్టి తలకిందులుగా వేలాడుతున్నాయి. రెండు ఇంకా రెక్కలు కొట్టుకుంటున్నాయి. చాయ తాగుతున్న నలుగురు లేచి బేరమాడడం మొదలుపెట్టారు. నేను దగ్గరికి వెళ్ళి ఒక పిట్టను చేతిలోకి తీసుకొని పొట్ట మీది ఈకలు విప్పి చూశాను. పొట్ట మధ్యలో ఈకలు రాలిపోయి చర్మం నున్నగా బయటపడి ఉంది. గుడ్ల మీద కూర్చునే పెట్టకు ఒంటి వెచ్చదనం నేరుగా గుడ్డుకు తగిలేలా అక్కడ ఈకలు ఊడిపోతాయి. అంటే ఆ పొద్దున ఏదో చేని గట్టున, గడ్డి దుబ్బు కింద, ఆరేడు గుడ్లు చల్లబడుతూ ఉన్నాయి. ఆ మాట నేను పైకి చెప్పినప్పుడు అందరూ కాసేపు మౌనంగా ఉన్నారు. ఆ తరువాత ఒక పెద్దమనిషి అన్న మాట ఈ వ్యాసానికి కారణం. "మీ అన్న కొడుకు అమెరికాల అడవికోళ్ళను కొడుతడట కద సార్, ఆడ లేని తప్పు ఈడ ఎందుకు వచ్చె?"

నేను దేవరకొండ ప్రాంతంలో చాలా ఏళ్ళు బడిపంతులుగా పనిచేసినవాడిని. అడిగిన ప్రశ్నకు సమాధానం చెప్పకుండా ఉండడం నాకు చేతకాదు. ఆ రోజు అక్కడ నిలబడి చెప్పగలిగింది కొంచెమే. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

మా అన్న కొడుకు న్యూయార్క్ రాష్ట్రంలో ఉంటాడు. న్యూయార్క్ అనగానే మనకు మేడలు గుర్తుకు వస్తాయి కాని, ఆ నగరం దాటి ఉత్తరానికి వెళ్తే కొండలు, పాడి రైతుల పచ్చిక బయళ్ళు, వాటి మధ్య దట్టమైన అడవులు ఉంటాయి. అతడు వేటకు వెళ్ళేది అక్కడి అడవి టర్కీ కోసం. మన మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు కొందరు ఇళ్ళలో పెంచుతున్న టర్కీ కోడికి ఇది అడవి బంధువు. పెంపుడు జాతి మెక్సికోలోని అడవి టర్కీల నుంచి వచ్చింది. అది మన దేశానికి కొత్తదేమీ కాదు. గోవా రేవు నుంచి తెచ్చిన ఒక టర్కీ పుంజును చూసి ఆశ్చర్యపోయిన జహంగీరు చక్రవర్తి, 1612 ప్రాంతంలో తన ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ చేత దాని బొమ్మ గీయించాడు. పెంపుడు టర్కీ బరువుకు నడవలేక నడుస్తుంది. అడవి టర్కీ అలాంటిది కాదు. అది వేగంగా పరుగెత్తుతుంది, ఎగురుతుంది, చీకటి పడగానే పెద్ద చెట్టెక్కి కొమ్మ మీద నిద్రపోతుంది. దాని చూపు ఎంత చురుకైనదంటే యాభై గజాల దూరంలో మనిషి కనురెప్ప కదిలించినా పసిగడుతుందని అక్కడి వేటగాళ్ళు చెప్పుకుంటారు.

రెండేళ్ళ క్రితం నేను మే నెలలో వాళ్ళింటికి వెళ్ళాను. నా రాకకు ముందే అతడు నాకు ఫోనులో చెప్పిన మొదటి సంగతి సీజను గురించి. ఆ రాష్ట్రంలో వసంతకాలపు టర్కీ వేట మే 1న మొదలై మే 31న ముగుస్తుంది. రోజూ సూర్యోదయానికి అరగంట ముందు నుంచి మధ్యాహ్నం పన్నెండు వరకే. ఒక వేటగాడు ఆ నెల మొత్తంలో రెండు పక్షులకు మించి, ఒక రోజులో ఒకటికి మించి చంపకూడదు. చంపినది రొమ్ము మీద గడ్డం ఉన్న పక్షి అయి ఉండాలి. పుంజు ఎదపై నల్లని గుర్రపు వెంట్రుకల కుచ్చులాంటిది వేలాడుతుంది, దానినే వాళ్ళు గడ్డం అంటారు. పక్షి నేల మీద పడిన వెంటనే చీటీ నింపాలి. ఏడు రోజులలోగా ప్రభుత్వానికి ఆ వివరం తెలియజేయాలి. వీటన్నిటికంటే ముందు వేటగాళ్ళ శిక్షణ తరగతికి హాజరై పరీక్షలో నెగ్గితేనే మొదటి లైసెన్సు ఇస్తారు. ఆ రాష్ట్రంలో ఈ శిక్షణ 1949 నుంచి ఉంది.

ఈ తేదీలు ఎక్కడి నుంచి వచ్చాయని నేను అడిగాను. "పెట్టను బట్టి, చిన్నాయనా" అన్నాడు. ఆ ఒక్క మాటలో వ్యవహారమంతా ఉంది.

టర్కీ పుంజు ఒక పెట్టతో జోడు కట్టదు. వసంతం రాగానే తోక విసనకర్రలా విప్పి, రెక్కలు నేలకు రాస్తూ, తెల్లవారుజామున గళగళమని కూసి, వచ్చిన ప్రతి పెట్టతోనూ కలుస్తుంది. గూడు కట్టడంలో, పొదగడంలో, పిల్లలను తిప్పడంలో దానికి ఏ పాత్రా లేదు. పెట్ట ఒంటరిగా ఆకుల మధ్య నేల మీద గుంట చేసుకొని రోజుకు ఒకటి చొప్పున పది, పన్నెండు గుడ్లు పెడుతుంది. ఆ తరువాత ఇరవై ఎనిమిది రోజులు వాటి మీద కూర్చుంటుంది. అందువల్ల ఎక్కువ పెట్టలు పుంజులతో కలిసి గుడ్లు పెట్టుకునే దాకా ఆగి, ఆ తరువాత కొన్ని పుంజులను మాత్రం తీసుకుంటే మరుసటి ఏడు పిల్లల సంఖ్య పెద్దగా తగ్గదు. సీజను తేదీని ఈ లెక్క మీద నిర్ణయిస్తారు. మధ్యాహ్నం పన్నెండుకు ఆపడం కూడా ఇందుకే. పొదిగే పెట్ట మేతకు గూడు దిగే వేళల్లో అడవిలో మనుషుల అలికిడి తక్కువగా ఉండాలని ఆ నియమం. మన ఊళ్ళలో నాటుకోడి పెట్టను పొదిగేసిన అమ్మలు ఆ గంప దగ్గరికి పిల్లలను పోనిచ్చేవారు కాదు. ఒక ప్రభుత్వం రాష్ట్రం మొత్తానికి ఆ పని చేస్తున్నదని నాకు అనిపించింది.

నేను అతనితో ఒక ఉదయం అడవికి వెళ్ళాను. లైసెన్సు లేనివాడిని కనుక తుపాకిని ముట్టలేదు, చూడడానికి మాత్రమే వెళ్ళాను. ముందు రోజు సాయంత్రమే అతడు ఆ భూమి యజమాని అయిన ముసలి రైతు ఇంటికి వెళ్ళి, ఏ వైపు కూర్చుంటామో, బండి ఎక్కడ ఆపుతామో చెప్పి వచ్చాడు. ఏటా అడుగుతున్న మనిషే అయినా ఏటా మళ్ళీ అడుగుతాడట. తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరే ముందు నన్ను దీపం వెలుగులో నిలబెట్టి తల నుంచి కాళ్ళ దాకా పరిశీలించాడు. నా జేబులో తెల్లని దస్తీ ఉంటే తీసి ఇంట్లో పెట్టించాడు. టర్కీ పుంజు తల ఎరుపు, తెలుపు, నీలం రంగులలో ఉంటుంది. చెట్ల సందున ఆ మూడు రంగులలో ఏది మెదిలినా మరొక వేటగాడు దానిని పక్షి తల అనుకునే ప్రమాదం ఉంది. కూత వినిపించిన వైపు పొదల చాటున పాకుతూ పోకూడదన్నది కూడా అదే కారణంతో పెట్టుకున్న నియమం. ఆ కూత ఇంకొక వేటగాడిది కావచ్చు. భుజాల కంటే వెడల్పైన చెట్టు మొదలుకు వీపు ఆనించి కూర్చుంటే వెనుక నుంచి కాపు ఉంటుంది. దూరంగా మరొక మనిషి కనిపిస్తే చెయ్యి ఊపకుండా, కదలకుండా, గట్టిగా మాట్లాడాలి. కొట్టిన పక్షిని మోసుకొని వచ్చేటప్పుడు మెరిసే నారింజ రంగు గుడ్డ చుట్టాలి. ఇవన్నీ అతడు నాకు పాఠం లాగా రెండు సార్లు చెప్పి, తిరిగి నా చేత చెప్పించాడు. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు అప్పజెప్పించుకున్న నాకు ఆ పద్ధతి చాలా నచ్చింది.

చీకటిలో ఒక పెద్ద ఓక్ చెట్టు మొదట్లో కూర్చున్నాము. అతడు గుడ్లగూబ లాగా ఒకసారి కూయగానే, కొండ మీది కొమ్మల్లో నుంచి టర్కీ పుంజు బదులు పలికింది. ఉలిక్కిపడినప్పుడు అది తనకు తెలియకుండానే కూస్తుందట. వెలుతురు కొద్దిగా వచ్చిన తరువాత అతడు జేబులో నుంచి అరచేతి వెడల్పున్న గుండ్రని పలకను, ఒక చెక్క పుల్లను తీశాడు. నేను బడిలో పిల్లలకు అక్షరాలు దిద్దించిన రాతి పలక లాంటిదే అది. దాని మీద పుల్లతో చిన్న చిన్న వలయాలు గీస్తే పెట్ట పిలుపు వినిపించింది. మా నాన్న నోటితో కౌజును పిలిచే తీరు నాకు ఒక్కసారిగా జ్ఞాపకం వచ్చింది.

గంట తరువాత పుంజు వచ్చింది. అంత పెద్ద పక్షి అంత నిశ్శబ్దంగా నడవగలదని నేను అనుకోలేదు. ఎండ పడినప్పుడు ఒంటి మీది ఈకలు రాగి రంగులో, మరుక్షణం పచ్చగా మెరిశాయి. దానికి ముందు ఒకటి, పక్కన ఒకటి రెండు పెట్టలున్నాయి. మా నుంచి ముప్పై అయిదు గజాల దూరంలో, అంటే షాట్‌గన్ సరిగ్గా అందే దూరంలో, అది మెడ చాచి నిలబడింది. అతడు తుపాకి దించలేదు కాని పేల్చలేదు. పెట్ట తల పుంజు మెడకు వెనుకగా, ఒక మూర దూరంలో ఉంది. షాట్‌గన్ గుండు ఒక్కటిగా పోదు. వందల సీసపు రవ్వలు గుంపుగా విచ్చుకుంటూ వెళ్తాయి. పుంజు తలకూ మెడకూ గురిపెట్టినా వెనుకనున్న పెట్టకు కొన్ని తగులుతాయి. వెంటనే చావకపోయినా అది గూటికి వెళ్ళి నాలుగు రోజులకు చస్తుంది, గుడ్లతో సహా. రెండు నిమిషాలు అలాగే గడిచాయి. మూడు పక్షులూ కలిసే వాలు దిగి వెళ్ళిపోయాయి.

ఆ తరువాత చాలాసేపు ఏమీ జరగలేదు. పదకొండూ నలభై అయిదు దాటాక కొండ వెనుక నుంచి మరొక పుంజు కూసింది. అతడు పలక గీశాడు. అది ఇంకొంచెం దగ్గర నుంచి బదులిచ్చింది. మళ్ళీ గీశాడు. ఇంకా దగ్గరైంది. సరిగ్గా పన్నెండుకు అతడు తుపాకిలోని తూటాలు తీసి సంచిలో వేసుకొని లేచి నిలబడ్డాడు. పొదల వెనుక రెక్కల చప్పుడు వినిపించింది. "ఇంకో అయిదు నిమిషాలు ఆగితే వచ్చేది కదరా" అన్నాను నేను. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. "వచ్చేది" అని మాత్రం అన్నాడు. దారిలో రైతు ఇంటి ముందు ఆగి, ఏమీ దొరకలేదని చెప్పి, కృతజ్ఞతలు తెలిపి వచ్చాము.

ఈ క్రమశిక్షణ వాళ్ళకు పుట్టుకతో వచ్చినది కాదు. అడవులు నరికి సేద్యానికి తెచ్చిన వలసదారులు ఏడాది పొడవునా, పెట్ట అనకుండా పిల్ల అనకుండా కాల్చి సంతల్లో అమ్మారు. న్యూయార్క్ రాష్ట్రంలో 1840ల నాటికి అడవి టర్కీ పూర్తిగా అంతరించింది. 1930ల నాటికి దేశం మొత్తంలో సుమారు రెండు లక్షలే మిగిలాయని సాధారణంగా చెప్పే అంచనా. తరువాత బీడుపడిన పొలాలు తిరిగి అడవులయ్యాయి. 1948 ప్రాంతంలో పక్క రాష్ట్రమైన పెన్సిల్వేనియా నుంచి కొన్ని పక్షులు తమంతట తామే న్యూయార్క్ లోకి నడిచి వచ్చాయి. దొడ్లలో పొదిగించి పెంచిన పక్షులను అడవిలో వదలడం ఎక్కడా ఫలించలేదు, ఎందుకంటే తల్లి వెంట తిరిగి భయం నేర్చుకోని పిల్ల అడవిలో బతకలేదు. చివరికి ఫలించిన పద్ధతి, అడవి పక్షులనే పట్టి మరొక అడవికి తరలించడం. మేత చల్లి, పక్షులు గుమికూడగానే చిన్న ఫిరంగుల సాయంతో వాటి మీదికి వల విసిరేవారు. న్యూయార్క్ రాష్ట్రం 1959లో ఈ పని మొదలుపెట్టి, సుమారు 1,400 పక్షులను ఒకచోటి నుంచి మరొక చోటికి మార్చింది. దేశం మొత్తంలో వీటి సంఖ్య 2004 నాటికి 67 లక్షల దాకా పెరిగింది. ఇందుకు ఖర్చులో పెద్ద భాగం వేటగాళ్ళ జేబు నుంచే వచ్చింది. 1937లో చేసిన ఒక చట్టం ప్రకారం పొడవు తుపాకుల మీద, తూటాల మీద 11 శాతం పన్ను వసూలు చేసి, ఆ సొమ్మును వన్యప్రాణుల సంరక్షణ వంటి పనులకు రాష్ట్రాలకు పంచుతారు.

పెరిగిన సంఖ్య అలాగే నిలిచిపోలేదన్నది కూడా చెప్పాలి. ఆగ్నేయ రాష్ట్రాలలో టర్కీలు మళ్ళీ తగ్గుతున్నాయి. దానికి స్పందనగా టెన్నెస్సీ రాష్ట్రం 2023లో సీజను ప్రారంభాన్ని రెండు వారాలు ఆలస్యం చేసి, ఒక్కొక్కరికి మూడు పక్షుల పరిమితిని రెండుకు తగ్గించింది. నాకు ఈ సంగతి అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. వేటగాళ్ళు పంపిన చీటీలను లెక్కపెట్టేవారున్నారు, పిల్లల గుంపులను ఎంచేవారున్నారు, లెక్క తగ్గితే తేదీ మార్చే అధికారం ఉన్నవారున్నారు. కాగితం మీద రాసిన రెండు తేదీల వెనుక ఇంత పని జరిగితేనే అది సీజను అవుతుంది.

ఇక మన దగ్గరికి వస్తాను. హోటలు ముందు అడిగిన పెద్దమనిషికి నేను చెప్పదలచింది ఇదే. మన కౌజుకు టర్కీ లెక్క పనికిరాదు. కౌజు జోడు కట్టే పక్షి. పెట్ట గుడ్ల మీద ఉంటే పుంజు ఆ చుట్టుపక్కల కాపలా తిరుగుతూ, పరాయి పుంజు గొంతు వినగానే కలబడడానికి పరుగెత్తుతుంది. మన వేటగాళ్ళు పంజరంలో దీమం పిట్టను, అంటే అడవి పిట్టలను ఆకర్షించడానికి పెంచుకున్న పిట్టను పెట్టి, చుట్టూ ఉచ్చులు పన్ని పట్టేది సరిగ్గా ఆ కాపలా పుంజునే. పిల్లలు పుట్టిన తరువాత కూడా కుటుంబం అంతా ఒక గుంపుగా తిరుగుతుంది. అందువల్ల పుంజు పోయినా, పెట్ట పోయినా ఆ గూడు చెడుతుంది. టర్కీ పుంజులలో కొన్నిటిని తీసినా అడవికి పెద్ద నష్టం ఉండదు, మన చేని గట్టున అలాంటి మిగులు పుంజు లేదు.

మన చట్టంలో కూడా ఒకప్పుడు ఇటువంటి సీజను ఆలోచన ఉండేది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదట వేట లైసెన్సులు, వేట మూసివేసే కాలం, రాత్రివేళ వేటపై నిషేధం వంటి నిబంధనలు ఉండేవి. 1991 సవరణతో ఆ లైసెన్సుల నిబంధనలనే తీసివేసి, వేటను నిషేధించారు. ఈ చట్టం దృష్టిలో వేట అంటే చంపడం మాత్రమే కాదు. ఉచ్చు వేయడం, పట్టడం, విషం పెట్టడం, గుడ్లను పాడుచేయడం, గూటిని చెదరగొట్టడం కూడా వేటే. 2022 సవరణ తరువాత సాధారణ నేరానికి మూడేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నెమలి వంటి, చట్టం ఎక్కువ రక్షణ ఇచ్చిన మొదటి షెడ్యూలు (జాబితా) ప్రాణి అయితే శిక్ష మూడేళ్ళకు తగ్గదు, ఏడేళ్ళ దాకా ఉంటుంది. ఈ నిషేధాన్ని ఎత్తివేసి ఇక్కడ లైసెన్సులు ఇవ్వాలని నేను కోరను. అమ్రాబాద్ అడవి అంచున ఎన్ని కౌజులున్నాయో, మా మండలంలో ఎన్ని పూరేళ్ళున్నాయో లెక్కపెట్టి, ఏటా తేదీలు మార్చే ఏర్పాటు లేని చోట వేటగాడి మంచితనం ఒక్కటే పక్షిని కాపాడలేదు.

తలకు లైటు కట్టుకొని రాత్రిపూట గూటి మీది పిట్టలను పట్టడం, నీటి గుంట దగ్గర వల కప్పడం, అడవి పందులకని చేని చుట్టూ కరెంటు తీగ పరచడం చట్టం దృష్టిలో వేటే అయినా, నియమమున్న వేటలో ఏ రకానికీ చెందవు. ఆ తీగకు పక్క చేను రైతు కూడా బలి అవుతాడు. పందుల వల్ల నిజంగా పంట పోతున్న రైతుకు ఫిర్యాదు చేసే దారి, అధికారుల అనుమతితో వాటిని తొలగించే దారి చట్టంలోనే ఉన్నాయి. ఆలస్యమైనా ఆ దారినే పోవాలని నేను ప్రతి రైతునూ వేడుకుంటాను.

నేను ఈ విషయంలో నిర్దోషిని కాను. 1976 ప్రాంతంలో, నాకు ఎనిమిదేళ్ళ వయసులో, మా నాన్న దీమం పిట్ట పంజరాన్ని మోసుకొని ఆయన వెంట ఆముదపు చేలల్లో తిరిగినవాడిని. అప్పటికే చట్టం వచ్చిందన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒక మధ్యాహ్నం అమ్మ కౌజును కోస్తే కడుపులో పెంకు కట్టిన గుడ్డు ఒకటి, దాని వెనుక సెనగ గింజంత, జొన్న గింజంత పచ్చసొనలు వరుసగా కనిపించాయి. అమ్మ కత్తిపీట పక్కన పెట్టింది. "గుడ్లతోని ఉన్నదాన్ని తెస్తరా ఎవరన్న? ఇగ ఈ ఎండలు పోయేదాంక నా పొయ్యి మీదికి పిట్ట రావద్దు" అన్నది. నాన్న ఆమెకు ఎదురు చెప్పలేదు. ఆ రోజు మా ఇంట్లో పచ్చి పులుసుతో అన్నం తిన్నాము. కొన్నేళ్ళకు ఆయన పంజరం తలుపు తీసి పెట్టారు. దీమం పిట్ట రెండు రోజులు వాకిట్లోనే తిరిగి, మూడో రోజు కనిపించలేదు.

హోటలు ముందు ఆ యువకుడు నేను మాట్లాడుతుండగా నాలుగు పిట్టలు అమ్మేశాడు. రెక్కలు కొట్టుకుంటున్న రెండింటి కట్లు మాత్రం నేను అడిగితే విప్పాడు, డబ్బు తీసుకోలేదు. ఒకటి చెరువు కట్ట వైపు ఎగిరింది. రెండవదానికి కాలు విరిగి ఉంది.

మొన్న మే నెలలో అన్న కొడుకు ఫోను చేశాడు. ఆ రోజు కూడా పన్నెండు దాకా కూర్చొని ఖాళీ చేతులతో వచ్చాడట. మన చేలో కౌజు కూస్తున్నదా చిన్నాయనా అని అడిగాడు. పడమటి గట్టు మీద తెల్లవారి ఒక జోడు కూస్తున్నదని చెప్పాను. గట్టు చెక్కడానికి వచ్చిన కూలీలను ఆ పక్క గడ్డి ముట్టుకోవద్దని వెనక్కి పంపాను. ఆషాఢం దాటే దాకా అది అలాగే ఉంటుంది.